హైదరాబాద్ నుంచి డాలస్‌కి అమ్మానాన్నల్ని పిలిపిస్తున్నారా? ఏ దారి ఎవరికి సరిపోతుంది

మా నాన్నకి మోకాళ్ల నొప్పులు, అమ్మకి షుగర్. ఇద్దరినీ ఖమ్మం నుంచి డాలస్ రప్పించుకుందామని అనుకున్నప్పుడు నేను మొదట వెతికింది "హైదరాబాద్ నుంచి డాలస్‌కి ఎంత దూరం, ఎన్ని గంటలు" అని. సుమారు 14,400 కిలోమీటర్లు, పదహారు పదిహేడు గంటలు అని వచ్చింది. నాన్నకి ఫోన్‌లో అదే చెప్పాను. అంతా విని, "అది సరే, ఏకబిగిన ఎన్ని గంటలు కూర్చోవాలి?" అని అడిగారు.

ఆ రెండు అంకెల్లో ఆయన ప్రశ్నకి జవాబు లేదు. టికెట్ కొనేటప్పుడు అందరం దూరం, మొత్తం సమయం, ధర చూస్తాం. పెద్దవాళ్లు ప్రయాణిస్తున్నప్పుడు అంతకంటే ముందు చూడాల్సింది ఆ సమయం ఎక్కడ రెండు ముక్కలవుతోంది అన్నది. అమ్మానాన్నలు ఇప్పటికి నాలుగుసార్లు వచ్చి వెళ్లారు. మొదటిసారి నేను తప్పు టికెట్ కొన్నాను. ఆ తర్వాత నేర్చుకున్నదంతా ఇక్కడ రాస్తున్నాను.

ముందు దూరం సంగతి

14,400 కిలోమీటర్లు అనేది శంషాబాద్ విమానాశ్రయం నుంచి డాలస్ ఫోర్ట్‌వర్త్ విమానాశ్రయానికి భూగోళం మీద గీసిన అతి దగ్గరి గీత. గ్లోబు ఉంటే దారం పెట్టి చూడండి. హైదరాబాద్ 78 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర ఉంది, డాలస్ 97 డిగ్రీల పడమర దగ్గర. రెండూ కలిపితే 175. అంటే భూమికి దాదాపు చెరోవైపు ఉన్నాం. అందుకే ఆ దారం పసిఫిక్ మీదుగానో అట్లాంటిక్ మీదుగానో పోదు. నేరుగా ఉత్తరానికి వెళ్లి, ఉత్తర ధ్రువానికి సుమారు 500 కిలోమీటర్ల దగ్గరగా వెళ్లి, కెనడా మీదుగా కిందికి దిగుతుంది. పిల్లలకి చూపిస్తే భలే ఆశ్చర్యపోతారు.

ఆ గీత మీద ఎగిరే విమానం మాత్రం లేదు. హైదరాబాద్ నుంచి అమెరికాకి నేరుగా ఒక సర్వీసు 2021 జనవరిలో మొదలైంది. ఎయిర్ ఇండియా వారానికి ఒకసారి షికాగోకి నడిపింది. తర్వాత అది ఆగిపోయింది. కాబట్టి మధ్యలో ఎక్కడో ఒకచోట దిగాల్సిందే. ఎక్కడ దిగితే ఎంత దూరమవుతుందో కూర్చుని లెక్క వేశాను.

- దుబాయ్ మీదుగా: 2,550 + 12,930, మొత్తం సుమారు 15,480 కి.మీ.
- దోహా మీదుగా: 2,910 + 12,750, సుమారు 15,660 కి.మీ.
- లండన్ మీదుగా: 7,750 + 7,640, సుమారు 15,390 కి.మీ.
- ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా: 7,120 + 8,260, సుమారు 15,380 కి.మీ.

మొత్తాలు చూడండి. నాలుగు దారుల మధ్య తేడా మూడు వందల కిలోమీటర్లు కూడా లేదు. విమానానికి అది ఇరవై నిమిషాల పని. ఇన్నాళ్లూ నేను గల్ఫ్ దారి చుట్టు, లండన్ దారి దగ్గర అనుకునేవాడిని. ఇంకొందరు దీనికి సరిగ్గా తిరగేసి చెబుతారు. రెండూ నిజం కాదు. దూరాన్ని బట్టి వీటిలో ఒకదాన్ని ఎంచుకోవడానికి కారణమే లేదు.

ఇప్పుడు కూడికకి ముందున్న అంకెలు చూడండి. తేడా అంతా అక్కడుంది.

నాలుగు ప్లస్ పదహారా, పది ప్లస్ పదా

పెద్ద విమానం గంటకి సుమారు 900 కిలోమీటర్ల వేగంతో వెళుతుంది. ఎక్కడానికి, దిగడానికి, రన్‌వే దాకా నెమ్మదిగా పోవడానికి పట్టే టైమ్ కూడా ఉంటుంది కాబట్టి, దూరాన్ని 850తో భాగించి అరగంట కలిపితే టికెట్ మీది సమయానికి దగ్గరగా వస్తుంది. పడమరకి వెళ్లేటప్పుడు ఇంకో అరగంట, ఒక్కోసారి గంట చేర్చుకోవాలి. ఎందుకంటే పైన, విమానాలు ఎగిరే ఎత్తులో, పడమర నుంచి తూర్పుకి బలమైన గాలులు వీస్తుంటాయి. వాటినే జెట్ స్ట్రీమ్ అంటారు. మనం అమెరికాకి వెళ్లేది ఎదురుగాలిలో. ఇంటికి తిరిగొచ్చేటప్పుడు అదే గాలి వెనక నుంచి తోస్తుంది. అందుకే దుబాయ్ నుంచి డాలస్‌కి పదహారు గంటలు పట్టే ప్రయాణం తిరుగుదారిలో పద్నాలుగున్నర, పదిహేను గంటల్లో అయిపోతుంది. చలికాలంలో ఈ గాలులు ఇంకా బలంగా ఉంటాయి.

గల్ఫ్ దారిలో మొదటి విమానం దుబాయ్‌కి దాదాపు నాలుగు గంటలు, దోహాకి నాలుగున్నర. రెండోది పదహారు గంటల దాకా. లండన్ దారిలో పది, పదిన్నర గంటల చొప్పున రెండు విమానాలు. ఫ్రాంక్‌ఫర్ట్‌కి తొమ్మిది, అక్కడి నుంచి డాలస్‌కి పదకొండు. మధ్యలో మూడు గంటల ఆగుదల వేసుకుంటే అన్నీ ఇరవై మూడు, ఇరవై నాలుగు గంటల్లోనే తేలతాయి.

నాన్న అడిగింది దీని గురించే. పదహారు గంటలు ఒకే సీటులో కూర్చోవడం మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి నరకం. రెండు మూడు గంటలకోసారి లేచి నడవమని డాక్టర్లు చెప్పేది ఊరికే కాదు. ఎక్కువసేపు కదలకుండా కూర్చుంటే కాళ్లలో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంది. మన పెద్దవాళ్లు పక్కవాళ్లని లేపడానికి మొహమాటపడి, బాత్రూమ్‌కి వెళ్లాల్సి వస్తుందని నీళ్లు కూడా తాగకుండా కూర్చుంటారు. మా నాన్న మొదటిసారి అలాగే చేశారు. దిగేసరికి పాదాలు వాచి చెప్పులు పట్టలేదు. రెండోసారి లండన్ దారిలో పది గంటలకి దిగి, మూడు గంటలు అటూ ఇటూ తిరిగి, టీ తాగి మళ్లీ ఎక్కారు. ఆ వాపు రాలేదు. అందుకే కాళ్ల నొప్పులు, నడుము నొప్పి, గుండె సమస్య ఉన్నవాళ్లకి నేను ఐరోపా దారే చెబుతాను. ధర కొంచెం ఎక్కువైనా సరే.

అమ్మ సంగతి వేరు. ఆవిడకి నిద్ర ముఖ్యం. గల్ఫ్ దారిలో మొదటి నాలుగు గంటలు ఎలాగో గడిపేసి, రెండో విమానంలో భోజనం పెట్టగానే నిద్రపోతుంది. పదహారు గంటల్లో ఎనిమిది గంటలు హాయిగా పడుకోవచ్చు, మధ్యలో ఎవరూ లేపరు. పది గంటల విమానంలో ఎక్కిన గంటన్నరకి భోజనం, దిగేముందు మళ్లీ టిఫిన్, మధ్యలో నిద్ర ఐదు గంటలు కూడా దక్కదు. ఇన్సులిన్ తీసుకునేవాళ్లు మాత్రం ఏ దారిలో వెళ్లినా, ఏ పూటకి ఏ డోసో ముందే డాక్టరుతో కాగితం మీద రాయించుకోవాలి. గోడ గడియారం చూసి వేసుకుంటే లెక్క తప్పుతుంది. డాలస్ మనకంటే వేసవిలో పదిన్నర గంటలు, శీతాకాలంలో పదకొండున్నర గంటలు వెనక ఉంటుంది. ఇన్సులిన్, మందులు చేతిసంచిలోనే ఉండాలి. చెకిన్ సామానులో వేయకండి.

మొదటిసారి విమానం ఎక్కుతున్నవాళ్లకి గల్ఫ్ దారిలో ఇంకో మేలుంది. శంషాబాద్ నుంచి దుబాయ్, దోహా వెళ్లే విమానాల్లో చుట్టూ తెలుగే వినిపిస్తుంది. జగిత్యాల, నిజామాబాద్, కడప, కోనసీమ నుంచి పనికి వెళ్లే అన్నలు, తమ్ముళ్లు ఎంతోమంది ఉంటారు. ఏళ్లుగా ఆ దారిలో తిరుగుతున్నవాళ్లు. సీటు బెల్టు పెట్టడం దగ్గర నుంచి ఏ గేటుకి పోవాలో చూపించడం దాకా మా అమ్మకి సాయం చేసింది వాళ్లే. లండన్ విమానంలో ఆ అలికిడి ఉండదు.

దుబాయ్, దోహాల్లో ఒకటి చెప్పమంటే నా ఓటు దోహాకి. 2014లో తెరిచిన హమద్ విమానాశ్రయంలో టెర్మినల్ ఒక్కటే. దారి తప్పేదీ తక్కువే. దుబాయ్‌లో మూడో టెర్మినల్‌లోనే మూడు భాగాలున్నాయి. ఒక భాగం నుంచి ఇంకో భాగానికి రైలెక్కాల్సి రావచ్చు, నడకా ఎక్కువే. వీల్‌చైర్ రాయించుకుంటే ఆ కష్టం ఉండదు. లండన్ హీత్రోలో రెండో విమానం వేరే టెర్మినల్ నుంచి ఉందేమో టికెట్ కొనేముందే చూడాలి. ఉంటే బస్సెక్కి వేరేచోటికి పోయి మళ్లీ సెక్యూరిటీ లైనులో నిలబడాలి. రెండు విమానాలూ ఒకే టెర్మినల్‌లో ఉన్న టికెట్‌కి నాలుగైదు వేలు ఎక్కువిచ్చినా నష్టం లేదు.

నేను చేసిన తప్పు: రెండు చోట్ల దిగే టికెట్

మొదటిసారి ధర తక్కువని రెండు స్టాపుల టికెట్ కొన్నాను. ఒకచోట గల్ఫ్‌లో, రెండోది అమెరికాలోనే ఇంకో నగరంలో. అమెరికాలో ముందు ఎక్కడ దిగితే అక్కడే ఇమ్మిగ్రేషన్. అక్కడే సామాను తీసుకుని కస్టమ్స్ దాటించి మళ్లీ బెల్టు మీద వేసి, మళ్లీ సెక్యూరిటీకి వెళ్లి, అమెరికా లోపల తిరిగే విమానం పట్టుకోవాలి. ఇరవై గంటల ప్రయాణం తర్వాత, ఇంగ్లీషు అంతగా రాని ఇద్దరు పెద్దవాళ్లు నాలుగు పెద్ద సూట్‌కేసులతో ఇదంతా చేయాలి. ఇమ్మిగ్రేషన్ లైనులోనే రెండు గంటలు పట్టింది. కనెక్షన్ తప్పింది. ఆ రాత్రి వాళ్లు కుర్చీల్లో కూర్చుని గడిపారు. ఫోన్ ఛార్జింగ్ అయిపోయి ఆరు గంటలపాటు నాకు వాళ్లెక్కడున్నారో తెలియలేదు. నేను మిగుల్చుకున్నది మనిషికి పదకొండు వేల రూపాయలు. ఆ టెన్షన్ ఇప్పటికీ గుర్తొస్తే గుండె దడదడలాడుతుంది.

అందుకే పెద్దవాళ్లు ఒంటరిగా వస్తుంటే, అమెరికాలో దిగే మొదటి ఊరు మీ ఊరే అయ్యేలా చూడండి. నేను పైన రాసిన నాలుగు దారుల్లోనూ ఇమ్మిగ్రేషన్ డాలస్‌లోనే. సామాను తీసుకుని బయటికొస్తే మీరు ఎదురుగా ఉంటారు.

ఢిల్లీ దారి గురించి చాలామంది అడుగుతారు. హైదరాబాద్ నుంచి ఢిల్లీ 1,260, ఢిల్లీ నుంచి షికాగో 12,050, అక్కడి నుంచి డాలస్ 1,290. కలిపితే సుమారు 14,600 కిలోమీటర్లు. కాగితం మీద అన్నిటికంటే దగ్గరి దారి ఇదే. అయినా పెద్దవాళ్లకి నేను చెప్పను. రెండు చోట్ల మారాలి, షికాగోలో పైన చెప్పిన సామాను తతంగమంతా ఉంటుంది. పైగా 2025 ఏప్రిల్ చివర్లో పాకిస్తాన్ తన గగనతలాన్ని భారతీయ విమానసంస్థలకి మూసేసింది. దానితో ఢిల్లీ నుంచి అమెరికాకి వెళ్లే మన విమానాలు చుట్టు తిరగాల్సి వచ్చింది. కొన్ని ఐరోపాలో దిగి ఇంధనం నింపుకున్నాయి. కాగితం మీది దగ్గరి దారి ఆకాశంలో దగ్గరగా లేకుండా పోయింది. ఈ దారిలో టికెట్ తీసుకునేవాళ్లు ఆ రోజుకి ప్రయాణ సమయం ఎంత చూపిస్తున్నారో కచ్చితంగా చూడాలి.

మీరుండేది నేరుగా అంతర్జాతీయ విమానం రాని చిన్న ఊరైతే రెండు స్టాపులు తప్పవు. అప్పుడు అబుదాబి దారి పరిశీలించండి. అమెరికా అధికారులు 2014 నుంచి అక్కడే ఇమ్మిగ్రేషన్, కస్టమ్స్ తనిఖీ చేసేస్తున్నారు. షికాగోలోనో న్యూయార్క్‌లోనో దిగేసరికి మీవాళ్లు లోపలి విమానంలో వచ్చినవాళ్లతో సమానం. ఆ లైను బెడద ఉండదు. అబుదాబిలో మాత్రం తనిఖీకి సమయం పడుతుంది, మూడు గంటలకి తగ్గకుండా ఆగుదల ఉండాలి.

వీసా విషయం తేలిగ్గా తీసుకోవద్దు

గల్ఫ్‌లో విమానాశ్రయం లోపలే విమానం మారితే ఏ వీసా అక్కర్లేదు. లండన్, ఫ్రాంక్‌ఫర్ట్‌లలో కూడా, గడువున్న అమెరికా వీసా పాస్‌పోర్టులో ఉంటే, బయటికి రాకుండా మారడానికి వేరే ట్రాన్సిట్ వీసా అవసరం లేదు. పదేళ్ల విజిటర్ వీసా ఉన్న అమ్మానాన్నలకి ఇబ్బంది లేదు. చిక్కు మన పిల్లలకే. హెచ్‌-1బీ మీద ఉండి, పాస్‌పోర్టులో స్టాంపు గడువు అయిపోయి, అప్రూవల్ నోటీసుతో అమెరికాలో ఉంటున్నవాళ్లు ఇండియా వచ్చేటప్పుడు ఐరోపా దారి ఎంచుకుంటే, చెకిన్ కౌంటర్‌లోనే ఆపేయవచ్చు. అలాంటివాళ్లు గల్ఫ్ దారిలో రావడం మంచిది. లేదంటే ఆ దేశ రాయబార కార్యాలయం వెబ్‌సైట్‌లో ఆ నెల నిబంధన చదివాకే టికెట్ కొనాలి. ఈ నిబంధనలు తరచూ మారతాయి. రెండేళ్ల క్రితం స్నేహితుడు చెప్పిన మాట పట్టుకుని వెళ్లకండి.

గల్ఫ్ దారిలో జాగ్రత్త పడాల్సింది సామాను దగ్గర. మసాలా డబ్బాలో గసగసాలు పెట్టకండి. యూఏఈలో, ఖతార్‌లో గసగసాలు నిషేధం, ఇంట్లో వంటకే అని చెప్పినా కుదరదు. నొప్పికి, దగ్గుకి వాడే ట్రామడాల్, కోడైన్ లాంటి మందులున్నవాళ్లు డాక్టర్ చీటీ లేకుండా వెళ్లకూడదు. ఏ దారైనా సరే, కారప్పొడి, కందిపొడి చెకిన్ సామానులోనే వేయండి. అమెరికా వెళ్లే విమానాల్లో చేతిసంచిలో 350 మిల్లీలీటర్లకి మించిన పొడులుంటే విడిగా తనిఖీ చేస్తారు, తీసేయమనీ అనవచ్చు. ఆవకాయ తేవచ్చు, మాంసం పచ్చళ్లు వద్దు. తినే పదార్థాలేం ఉన్నా కస్టమ్స్ దగ్గర ఉన్నాయని చెప్పేయమనండి. చెప్పినందుకు ఏమీ అనరు, దాస్తేనే జరిమానా.

దారి మూతపడితే

ఏ దారికీ పూర్తి భరోసా లేదు. 2025 మార్చి 21న దగ్గర్లోని విద్యుత్ సబ్‌స్టేషన్‌లో మంటలు రావడంతో హీత్రో దాదాపు రోజంతా మూతపడింది. అదే ఏడాది జూన్ 23న ఖతార్ తన గగనతలాన్ని కొన్ని గంటలు మూసేసింది, దోహాకి బయల్దేరిన విమానాలు దారి మళ్లాయి. అప్పుడు నిలబెట్టేది ఒక్కటే: మొత్తం ప్రయాణం ఒకే పీఎన్‌ఆర్ మీద ఉండటం. అలా ఉంటే మొదటి విమానం ఆలస్యమైనా తర్వాతి విమానంలో సీటు ఇప్పించే బాధ్యత విమానసంస్థదే. దుబాయ్ దాకా ఒక టికెట్, అక్కడి నుంచి ఇంకో టికెట్ అని విడివిడిగా కొంటే పది పదిహేను వేలు మిగలవచ్చు. కనెక్షన్ తప్పిందంటే రెండో టికెట్ డబ్బు మొత్తం పోతుంది. పైగా అక్కడ బయటికొచ్చి సామాను తీసుకోవాలంటే ఆ దేశ వీసా కావాలి. పెద్దవాళ్లకి అసలు వద్దు.

ఆగుదల రెండు గంటలకి తక్కువున్నదీ కొనకండి, ఆరు గంటలకి మించినదీ కొనకండి. మూడు గంటలు సరిగ్గా సరిపోతుంది. వీల్‌చైర్‌ని టికెట్‌తోపాటే రాయించండి, కనీసం రెండు రోజుల ముందు ఫోన్ చేసి నిర్ధారించుకోండి. "మేం నడవగలం, వీల్‌చైర్ ఎందుకు" అని నాన్న పట్టుబట్టారు. అది కాళ్ల కోసం కాదు, దారి చూపించే మనిషి కోసం అని చెప్పాక ఒప్పుకున్నారు.

తేదీ దగ్గర ఇంకో జాగ్రత్త. గల్ఫ్, ఫ్రాంక్‌ఫర్ట్ విమానాలు చాలావరకు శంషాబాద్ నుంచి అర్ధరాత్రి దాటాక బయల్దేరతాయి. మన ఇళ్లలో రోజు తెల్లవారితే మొదలవుతుంది, టికెట్ మీద మాత్రం అర్ధరాత్రి పన్నెండుకే తేదీ మారిపోతుంది. టికెట్ మీద 15వ తేదీ తెల్లవారుజామున 2 గంటలని ఉంటే, ఖమ్మంలో కారెక్కాల్సింది 14వ తేదీ మధ్యాహ్నమే. మా మేనమామ ఒకరు దీనివల్ల ఒక రోజు ఆలస్యంగా విమానాశ్రయానికి చేరి మళ్లీ టికెట్ కొనుక్కున్నారు. వాళ్లకి వాట్సాప్‌లో టికెట్ పంపి ఊరుకోకండి. "ఆదివారం మధ్యాహ్నం భోజనం చేసి బయల్దేరండి" అని వాళ్ల లెక్కలో చెప్పండి.

సీట్లు టికెట్ కొన్నరోజే ఎంచుకోండి. పొడవైన విమానంలో నడవ పక్క సీటు కాళ్ల నొప్పులున్నవాళ్లకి, దాని పక్కది రెండోవాళ్లకి. కిటికీ మీద మోజుంటే చిన్న విమానంలో తీసుకోమనండి. ఒక కాగితం మీద మీ ఇంటి అడ్రసు, మీ ఫోన్ నంబరు, ఎన్నాళ్లు ఉంటారు అన్నది ఇంగ్లీషులో రాసి ఇద్దరి పాస్‌పోర్టుల్లోనూ చెరొకటి పెట్టండి. ఇమ్మిగ్రేషన్‌లో అడిగేది దాదాపు అదే.

డాలస్‌లో అంతర్జాతీయ విమానాలు టెర్మినల్ డీకి వస్తాయి. విమానం దిగిందని ఫోన్‌లో చూసి మీరు గేటు దగ్గరికి పరుగెత్తినా, వాళ్లు బయటికొచ్చేసరికి గంట నుంచి రెండు గంటలు పడుతుంది. కంగారు పడకండి. వీల్‌చైర్ తోసుకొచ్చే మనిషి పక్కన, ట్రాలీ మీద అట్టపెట్టెతో, చుట్టూ వెతుక్కుంటూ వస్తారు. తలుపుకి సరిగ్గా ఎదురుగా నిలబడండి, పక్కకి నిలబడితే వాళ్లకి కనిపించరు.